క్యాంపర్ ట్రైలర్ వెంట్లలో పురుగుల గూళ్లు.. చిన్న జాలీతో పెద్ద ప్రమాదం తప్పించుకోవచ్చు

అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు సెలవులు వస్తే హోటల్ కాకుండా క్యాంపర్ ట్రైలర్ అద్దెకు తీసుకుని వెళ్తున్నారు. కారణం తెలిసిందే. వంట మనమే చేసుకోవచ్చు, హలాల్ గురించి ప్రతి ఊళ్లో వెతుక్కోనక్కర్లేదు, పిల్లలు, పెద్దవాళ్లు అందరూ ఒకేచోట ఉంటారు, నమాజుకి చోటు ఉంటుంది. కొందరైతే సొంతంగానే కొని ఇంటి పక్కన పెట్టుకుంటున్నారు. కానీ ఆ ట్రైలర్ గోడలకి బయటవైపు ఉండే చిన్న చిన్న వెంట్ల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. మేమూ పట్టించుకోలేదు, ఒక రాత్రి చలికి వణికేదాకా.

మేము డల్లాస్ దగ్గర ఉంటాం. గత అక్టోబర్‌లో ఒక ట్రైలర్ అద్దెకు తీసుకుని అర్కాన్సాస్‌లోని ఒవాచిటా కొండల వైపు వెళ్లాం. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మీ కూడా మాతోనే ఉంది. పగలంతా హాయిగానే ఉంది కానీ రాత్రి పదకొండు దాటాక చలి మొదలైంది. థర్మోస్టాట్ పెంచాను. లోపల ఫ్యాన్ తిరిగింది, టిక్ టిక్ అని నిప్పురవ్వ శబ్దం వచ్చింది, అంతే. వేడి రాలేదు. వచ్చిందల్లా చల్లగాలే. మళ్లీ ఆపి వేశాను, అదే తంతు. చివరికి ఉన్న దుప్పట్లన్నీ పిల్లలకి, అమ్మీకి కప్పి, మేమిద్దరం జాకెట్లు వేసుకునే పడుకున్నాం.

ఫజర్ అయ్యాక అమ్మీ టీ కప్పు పట్టుకుని బయట నడుస్తోంది. ట్రైలర్ పక్కన ఆగి నన్ను పిలిచింది. "ఏంట్రా ఇది? మన ఇంట్లో మీటర్ బోర్డు వెనకాల కడుతుందే, ఆ కందిరీగ మట్టి గూడే కదూ?" అంది. చూస్తే నిజమే. ఫర్నేస్ పొగ బయటికి వెళ్లే గొట్టం నోట్లో మట్టి ముద్ద. లోపలికి టార్చ్ వేస్తే ఇంకో రెండు కనిపించాయి.

ట్రైలర్ యజమానికి ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని పంపించాడు. ఆయన గూళ్లు తీసి, శుభ్రం చేసి, వెలిగించాడు. అరగంటలో లోపల వెచ్చబడింది. వెళ్లేముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం తీసి వెనకవైపు చూపించాడు. దాని గడువు ఎప్పుడో అయిపోయింది. "రాత్రి మీ ఫర్నేస్ అసలు వెలగకపోవడమే మీ అదృష్టం. సగం మూసుకుని, సగం వెలిగి ఉంటే ఆ అలారం మిమ్మల్ని లేపేది కాదు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది. అందుకే ఈ విషయం అందరికీ వివరంగా చెప్పాలనిపించింది.

ట్రైలర్‌కి ఎన్ని వెంట్లు ఉంటాయి?

బయట నిలబడి ఒకసారి ట్రైలర్ చుట్టూ తిరిగితే ఇవి కనిపిస్తాయి.

1. ఫర్నేస్ వెంట్: గోడకి పక్కపక్కనే లేదా ఒకదానిపైన ఒకటి రెండు గుండ్రటి గొట్టాలు. ఒకటి మంటకి కావలసిన గాలి పీల్చుకోవడానికి, రెండోది పొగ బయటికి పంపడానికి.

2. వాటర్ హీటర్ తలుపు: చిల్లులు లేదా పలకల లాంటి చీలికలు ఉన్న చతురస్రపు రేకు తలుపు. దాని వెనకే గ్యాస్ బర్నర్ ఉంటుంది.

3. ఫ్రిజ్ వెంట్లు: కింద గోడకి ఒక ప్లాస్టిక్ పలకల తలుపు, పైన కప్పు మీద లేదా గోడ పైభాగంలో ఇంకొకటి.

4. వంట పొయ్యి పైన ఉండే హుడ్‌కి బయటవైపు మూత.

5. కప్పు మీద ఫ్యాన్ వెంట్లు. సాధారణంగా బాత్రూమ్‌లో ఒకటి, మధ్య గదిలో ఒకటి.

6. కప్పు మీదే సన్నటి గొట్టాలు. ఇవి మురుగునీటి ట్యాంకుల గాలి బయటికి పోవడానికి.

7. ఇవి కాక అడుగుభాగంలో పైపులు, వైర్లు దూరే చోట మిగిలిపోయిన ఖాళీలు, కరెంటు వైరు బయటికి తీసే చిన్న మూత, పక్కకి జరిగే గది అంచుల రబ్బరు పట్టీలు.

వీటిలో మొదటి మూడూ మంటతో పనిచేసేవి. అక్కడ పురుగు చేరితే ప్రమాదం. మిగతావాటిలో పురుగు చేరితే చిరాకు. ఈ తేడా గుర్తుంచుకుంటే ఏది ముందు చేయాలో అర్థమవుతుంది.

ఎవరు వస్తారు? ఎందుకు వస్తారు?

అన్నింటికన్నా పెద్ద తలనొప్పి మట్టి కందిరీగ. ఇంగ్లిష్‌లో మడ్ డాబర్ అంటారు, టెక్సాస్ వైపు డర్ట్ డాబర్ అని కూడా అంటారు. నడుము దారంలా సన్నగా ఉంటుంది. గుంపుగా బతకదు, మన జోలికి వచ్చి కుట్టడం కూడా అరుదు. ఆడ కందిరీగ తడి మట్టిని చిన్న ఉండలుగా నోటితో మోసుకొచ్చి గూడు కడుతుంది. గూట్లో ఒక్కో గదిలో సాలెపురుగుల్ని పెడుతుంది. చంపదు, కుట్టి కదలకుండా చేస్తుంది. వాటి మీద గుడ్డు పెట్టి మట్టితో మూసేస్తుంది. పిల్ల పురుగు బయటికి వచ్చి ఆ సాలెపురుగుల్ని తిని పెరుగుతుంది. వానకి తడవని, గాలి తగలని, గొట్టం లాంటి చోటు దానికి కావాలి. ఫర్నేస్ వెంట్ అచ్చం అలాంటిదే.

రెండోది సాలెపురుగు. ప్రొపేన్ గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు, లీకైతే తెలియడానికి గంధకం కలిసిన ఘాటు వాసన పదార్థం కలుపుతారు. ఆ వాసనకే సాలెపురుగులు వస్తాయని ట్రైలర్లు బాగుచేసేవాళ్లు చెబుతారు. కారణం ఏదైనా, బర్నర్ గొట్టంలో బూజు పట్టడం మాత్రం వాళ్లు తరచుగా చూసే విషయం. ఇక్కడ ఇంకో లంకె ఉంది. సాలెపురుగులు ఎక్కడ ఉంటే వాటిని వేటాడే మట్టి కందిరీగ అక్కడికి వస్తుంది. అంటే బూజు దులిపితే సగం కందిరీగల బెడద కూడా తగ్గినట్టే.

మూడోది చలికాలం ముందు వచ్చే పురుగులు. ఆసియా నుంచి అమెరికాకి చేరిన కంపు నల్లి, అదే స్టింక్ బగ్, శరదృతువు రాగానే వెచ్చటి సందులు వెతుక్కుంటుంది. ఒక రకం లేడీబగ్ పురుగులు కూడా అంతే. ఇవి గ్యాస్ గొట్టాన్ని మూసెయ్యవు కానీ కప్పు ఫ్యాన్ చుట్టూ, కిటికీ పట్టీల్లో డజన్ల కొద్దీ చేరతాయి. నలిపితే కంపు.

వీటి తర్వాత చీమలు, గుంపుగా ఉండే కాగితపు గూడు కందిరీగలు, ఎలుకలు. ఎలుక పురుగు కాదు గానీ దారి ఒకటే. పావు అంగుళం ఖాళీ ఉన్నా చిట్టెలుక దూరిపోతుంది.

చిన్న గూడు ఎంత పని చేస్తుందంటే..

"ఇంత చిన్న పురుగుకి ఇంత హడావిడా?" అనుకునేవాళ్లకి రెండు సంగతులు.

1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్వెర్తో ప్లాతా నుంచి బయల్దేరిన బిర్గెన్‌ఎయిర్ విమానం సముద్రంలో కూలిపోయింది. బోయింగ్ 757. అందులో ఉన్న 189 మందీ చనిపోయారు. విమానం వేగాన్ని కొలిచే పీటో ట్యూబ్ అనే సన్నటి గొట్టం మూసుకుపోవడంతో పైలట్‌కి తప్పుడు వేగం కనిపించింది. ఆ విమానం అంతకుముందు దాదాపు 20 రోజులు ఎగరకుండా నేల మీదే ఉంది, చివరి రోజుల్లో ఆ గొట్టానికి కవర్ లేదు. గొట్టాలు సముద్రం నుంచి దొరకలేదు గానీ, దర్యాప్తు చేసినవాళ్ల అనుమానం మాత్రం మట్టి కందిరీగ గూడు మీదే. 2013 నవంబర్‌లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఎతిహాద్ విమానానికి కూడా ఇలాగే జరిగింది. వేగం సరిగా కనిపించక వెనక్కి వచ్చి దిగాల్సి వచ్చింది. తీసి చూస్తే పీటో ట్యూబ్‌లో కందిరీగ గూడు.

రెండోది కార్ల సంగతి. 2011లో మాజ్డా కంపెనీ ఉత్తర అమెరికాలో సుమారు 65 వేల మాజ్డా 6 కార్లని వెనక్కి పిలిచింది. పెట్రోల్ ట్యాంకు గాలి గొట్టంలో ఒక రకం పసుపు సాలెపురుగు బూజు కడుతోందని, దానివల్ల ట్యాంకులో ఒత్తిడి తేడా వచ్చి పగుళ్లు రావచ్చని కారణం చెప్పింది. మూడేళ్ల తర్వాత అదే కారణంతో ఇంకోసారి పిలవాల్సి వచ్చింది.

విమానం, కారు తయారుచేసేవాళ్లకే ఇది తప్పలేదు. నెలల తరబడి కదలకుండా పెరట్లో ఉండే ట్రైలర్ సంగతి చెప్పేదేముంది?

అసలు భయం కార్బన్ మోనాక్సైడ్

గ్యాస్ మంటకి సరిపడా గాలి అందితే మంట నీలంగా, నిలకడగా ఉంటుంది. గాలి తగ్గితే లేదా పొగ బయటికి పోకపోతే మంట పసుపు రంగుకి మారుతుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఇది కూర్చుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, నీరసం, వాంతులు, ఛాతీలో నొప్పి, మనిషి తికమకపడటం, ఇవీ లక్షణాలు. నిద్రలో ఉన్నవాళ్లకి ఈ లక్షణాలు తెలిసే లోపే ప్రాణం పోవచ్చు. అమెరికాలో మంటల ప్రమాదాలు కాకుండా, పొరపాటున ఈ వాయువు పీల్చి ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క.

ట్రైలర్ ఫర్నేస్‌ని మామూలుగా జాగ్రత్తగానే తయారుచేస్తారు. మంట ఉన్న భాగం వేరు, గదిలోకి వచ్చే గాలి వేరు, మధ్యలో రేకు గోడ. గాలి సరిగా తిరుగుతోందా అని చూసే చిన్న స్విచ్ కూడా ఉంటుంది. మంట అంటుకోకపోతే కొన్ని ప్రయత్నాల తర్వాత దానంతట అదే గ్యాస్ ఆపేస్తుంది. మాకు ఆ రాత్రి జరిగింది అదే. కానీ వెంట్ పూర్తిగా మూసుకోకుండా సగం మూసుకుంటే, ఆ రేకు గోడకి ఎప్పటిదో పగులు ఉంటే, లేదా పొగ గొట్టం పైన కిటికీ తెరిచి ఉంటే విషవాయువు లోపలికి వస్తుంది.

అందుకని జాలీ కన్నా ముందు చూసుకోవలసింది అలారం. కార్బన్ మోనాక్సైడ్ అలారం, గ్యాస్ లీక్ అలారం రెండూ ఉండాలి. ప్రొపేన్ గాలి కన్నా బరువు, అందుకే గ్యాస్ అలారం నేలకి దగ్గరగా ఉంటుంది. దాన్ని బట్టల బ్యాగుతోనో, చెప్పులతోనో కప్పెయ్యకండి. ప్రతి ప్రయాణానికి ముందు టెస్ట్ బటన్ నొక్కండి. వెనక ఉన్న తేదీ చూడండి. చాలా రకాలకి ఆయుష్షు 5 నుంచి 7 ఏళ్లే. తేదీ దాటితే కూత వచ్చినా సరే నమ్మకండి, మార్చేయండి.

అలారం మోగితే "ఏదో తప్పుగా మోగింది" అని బ్యాటరీ పీకెయ్యొద్దు. ముందు అందరినీ బయటికి తీసుకురండి, తర్వాత 911కి ఫోన్ చేయండి, వాళ్లు చెప్పేదాకా లోపలికి వెళ్లకండి.

ఒక్కో వెంట్‌కి ఒక్కో పద్ధతి

ఫర్నేస్: ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. బజారులో ఫర్నేస్ వెంట్‌కి సరిపోయే గుండ్రటి జాలీలు దొరుకుతాయి. కానీ ఫర్నేస్ తయారీదారుల్లో కొందరు తమ పుస్తకంలో వెంట్ మీద ఏ జాలీ పెట్టవద్దని స్పష్టంగా రాస్తారు. జాలీకి దుమ్ము, మసి పట్టి అదే గాలిని అడ్డుకుంటుందని వాళ్ల వాదన. అది నిజమే కూడా. కాబట్టి ముందు మీ ఫర్నేస్ మోడల్ పుస్తకం చూడండి. వద్దని ఉంటే పెట్టకండి. అప్పుడేం చేయాలి? ట్రైలర్ నిలిపి ఉంచే రోజుల్లో మాత్రం వెంట్‌కి బయటినుంచి మూత పెట్టండి. ఆ మూతకి పొడుగాటి ఎర్ర రిబ్బన్ కట్టండి. విమానాల పీటో ట్యూబ్ కవర్లకి ఎర్ర పట్టీ వేలాడదీసేది ఇందుకే, తీయడం మర్చిపోకూడదని. లోపల థర్మోస్టాట్ దగ్గర కూడా "బయట మూత తీశారా?" అని ఒక కాగితం అంటించండి. మూత తీయకుండా ఫర్నేస్ వేస్తే, కందిరీగ చేసే పని మనమే చేసినట్టవుతుంది.

పుస్తకంలో అనుమతి ఉంటే జాలీ పెట్టుకోవచ్చు. కానీ ప్రతి ప్రయాణానికి ముందు తీసి దులిపి చూడాల్సిందే. పెట్టి మర్చిపోయే వస్తువు కాదది.

వాటర్ హీటర్: తలుపు వెనక సరిపోయేలా స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీలు దొరుకుతాయి. మీ హీటర్ మోడల్‌ని బట్టి, తలుపు చీలికల కొలతని బట్టి కొనాలి. చిన్న స్ప్రింగులతో తగిలించే రకం సులువు. ఇక్కడ కూడా మోడల్ పుస్తకం మాటే చివరి మాట. తలుపు తెరిచినప్పుడు బర్నర్ గొట్టం చూడండి. గాలి, గ్యాస్ కలిసే ఆ గొట్టంలోనే బూజు పడుతుంది. సీసాలు కడిగే సన్నటి బ్రష్‌తో తుడిస్తే పోతుంది. తలుపు పైభాగంలో నల్లటి మసి కనిపిస్తే గొట్టంలో అడ్డం ఉన్నట్టు గుర్తు. వెలిగించినప్పుడు గుడగుడమని శబ్దం, పసుపు మంట, ఇవి కూడా అదే చెబుతాయి.

ఫ్రిజ్: పాత రకం ట్రైలర్ ఫ్రిజ్‌లు మంటతో పనిచేస్తాయి. గ్యాస్ మంట అమ్మోనియా ద్రావణాన్ని వేడి చేస్తుంది, ఆ వేడి గాలి వెనక నుంచి పైకి వెళ్లిపోవాలి. కింద వెంట్ నుంచి చల్లగాలి రావాలి, పై వెంట్ నుంచి వేడిగాలి పోవాలి. గూళ్లతో ఈ దారి మూసుకుంటే ఫ్రిజ్ చల్లబడదు, మాంసం, పాలు పాడవుతాయి. కింద తలుపు తీసి వాక్యూమ్‌తో శుభ్రం చేయండి. జాలీ పెట్టేటప్పుడు మరీ సన్న కన్నాలది వద్దు, గాలి తగ్గిపోతుంది. అక్కడ ముక్కుకి అమ్మోనియా ఘాటు తగిలినా, గొట్టాల మీద పసుపు రంగు పొడి కనిపించినా చేయి పెట్టకండి, ఫ్రిజ్ ఆపేసి మెకానిక్‌ని పిలవండి. అది లీక్ గుర్తు. కొత్త ట్రైలర్లలో బ్యాటరీ మీద నడిచే కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి, వాటికి మంట ఉండదు కాబట్టి ఈ భయం లేదు.

పొయ్యి హుడ్: బయటి మూతకి చిన్న గొళ్లాలు ఉంటాయి. వంట చేసేటప్పుడు తెరవాలి, ప్రయాణంలో, నిల్వలో వేసేయాలి. మన వంటల్లో పోపు, వేపుడు ఎక్కువ కాబట్టి ఇక్కడి వడపోతకి నూనె జిడ్డు త్వరగా పడుతుంది. జిడ్డు వాసనకి చీమలు, ఈగలు చేరతాయి. వేడి నీళ్లు, సబ్బుతో కడిగితే చాలు.

కప్పు ఫ్యాన్లు: వీటికి లోపల దోమతెర ఉంటుంది. చిరిగిందేమో చూడండి. దోమలు రాకుండా కిటికీలకి వేసే మామూలు తెర సరిపోతుంది. కానీ సముద్ర తీరాల్లో కంటికి సరిగా కనపడని సన్న దోమలు ఉంటాయి, వాటికి ఇంకా సన్న కన్నాల తెర కావాలి.

మురుగు ట్యాంకు గొట్టాలు: కప్పు మీద ఉండే ఈ గొట్టాల మూత విరిగితే ఈగలు ట్యాంకులోకి, అక్కడి నుంచి బాత్రూమ్‌లోకి వస్తాయి. మూత మార్చడం పది నిమిషాల పని. టాయిలెట్ గిన్నెలో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉండేలా చూడండి, అదే లోపలివైపు అడ్డుగోడ.

అడుగుభాగం: పైపులు, వైర్లు దూరే ఖాళీల్లో రాగి తీగ పీచు కుక్కి, దాని మీద ఫోమ్ కొట్టండి. ఒట్టి ఫోమ్ అయితే ఎలుక కొరికేస్తుంది. మామూలు ఇనుప పీచు తుప్పు పడుతుంది.

జాలీ కన్నం ఎంత ఉండాలి?

మంట ఉన్న చోట్ల జాలీకి అనుమతి ఉంటే సుమారు 3 మిల్లీమీటర్ల కన్నం ఉన్నది వాడండి. కందిరీగ ఆగుతుంది, గాలి ఆడుతుంది. చిన్న సాలెపురుగు మాత్రం దూరుతుంది, దానికి మందు శుభ్రం చేయడమే. దోమతెర అంత సన్నది మంట ఉన్న చోట వద్దు, దుమ్ము పట్టి మూసుకుపోతుంది. ప్లాస్టిక్ తెర అసలే వద్దు, వేడికి కరిగిపోతుంది. మనుషులు పీల్చే గాలి వెంట్లకి మాత్రం సన్న తెరే మంచిది.

గూడు కనిపిస్తే ఎలా తీయాలి?

ముందు గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి. థర్మోస్టాట్, హీటర్ స్విచ్ ఆపండి. పూర్తిగా చల్లారనివ్వండి. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. గూడుని లోపలికి తోయొద్దు, అంచు నుంచి పుల్లతో నెమ్మదిగా పగలగొట్టి బయటికి లాగండి, మిగిలిన మట్టి వాక్యూమ్‌తో తీయండి. గొట్టం లోపలికి ఎక్కువ దూరం ఉంటే ఆపేయండి. ఫర్నేస్ బయటికి తీయాల్సిన పని అది, దాన్ని తెలిసినవాళ్లకే వదిలేయాలి. అంతా అయ్యాక పగటిపూట, తలుపులు తెరిచి ఉంచి వెలిగించి చూడండి. రాత్రి పిల్లలు పడుకున్నాక మొదటిసారి వెలిగించడం తప్పు.

ఇవి మాత్రం చేయకండి

గ్యాస్ వచ్చే సన్న రంధ్రంలో సూది, పిన్నీసు పెట్టి తిప్పడం. ఆ కన్నం కొంచెం పెద్దదైనా గ్యాస్ ఎక్కువ వచ్చి మంట లెక్క తప్పుతుంది.

వెలుగుతున్న లేదా వేడిగా ఉన్న బర్నర్ దగ్గర కందిరీగల స్ప్రే కొట్టడం. భగ్గుమంటుంది.

కలరా ఉండలు వెంట్లలో, అలమారాల్లో చల్లడం. మనవాళ్లకి ఇది బాగా అలవాటు. కానీ ట్రైలర్ లాంటి ఇరుకు చోట ఆ ఆవిరి పిల్లలకి మంచిది కాదు. జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకైతే నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలి రక్తహీనత వస్తుంది. అమెరికాలో ఆ డబ్బా మీద రాసిన పద్ధతిలో, అంటే గాలి చొరబడని పెట్టెల్లో తప్ప, వేరేగా వాడటం చట్టానికి కూడా విరుద్ధం.

కుక్కల మెడకి కట్టే మందు పట్టీలు వాటర్ హీటర్ తలుపు వెనక పెట్టడం. ఎవరో చెప్పారని చాలామంది చేస్తారు. మంట పక్కన పురుగుమందు వేడెక్కనివ్వడం మంచి పని కాదు.

ఫర్నేస్ పనిచేయలేదని పొయ్యి వెలిగించి దాంతో వెచ్చబెట్టుకోవడం. మాకు కూడా ఆ రాత్రి ఆ ఆలోచన వచ్చింది. వద్దని అమ్మీ గట్టిగా అంది, అదే మంచిదైంది. మూసిన ట్రైలర్‌లో గ్యాస్ పొయ్యితో చలి కాచుకోవడం కూడా ఈ విషవాయువుని కొనితెచ్చుకోవడమే. జనరేటర్ వాడితే దాన్ని కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి.

అద్దెకు తీసుకునేవాళ్లు అడగాల్సినవి

తాళాలు తీసుకునేముందు పావుగంట కేటాయించండి. మొహమాటం వద్దు.

* ఫర్నేస్, వాటర్ హీటర్, పొయ్యి మీ ముందే వెలిగించి చూపించమనండి. ఎండాకాలమైనా సరే ఫర్నేస్ అయిదు నిమిషాలు నడవాలి.
* రెండు అలారాలూ మోగించి చూడండి, వెనక తేదీలు ఫోటో తీసుకోండి.
* చుట్టూ తిరిగి వెంట్లన్నింటిలో టార్చ్ వేసి చూడండి.
* కప్పు ఫ్యాన్లు, కిటికీల తెరలు చిరిగాయేమో చూడండి.
* ఏదైనా పనిచేయకపోతే ఫోన్ ఎవరికి చేయాలో రాయించుకోండి.

సొంత ట్రైలర్ ఉన్నవాళ్లు

వాడని నెలల్లో కూడా నెలకోసారి ఫర్నేస్, వాటర్ హీటర్ కాసేపు వేయండి. హీటర్ వేసేముందు ట్యాంకులో నీళ్లు ఉన్నాయో లేదో చూసుకోండి, ఖాళీగా వేస్తే పాడవుతుంది. కొత్తగా కడుతున్న గూడు మెత్తగా ఉన్నప్పుడే పట్టుబడుతుంది. వసంతం మొదట్లో ఒకసారి, శరదృతువులో ఒకసారి వెంట్లన్నీ తెరిచి బూజు దులపండి. బయటి దీపం రాత్రంతా వెలగనివ్వకండి. తెల్లటి లైటుకి పురుగులు ఎక్కువ వస్తాయి, వాటి కోసం సాలెపురుగులు, వాటి కోసం కందిరీగలు. పసుపు రంగు లైటు వేస్తే ఈ వరస కొంత తగ్గుతుంది.

మన ఇళ్లల్లోనూ ఇదే పాఠం

ట్రైలర్ లేనివాళ్లు ఇది మనకెందుకు అనుకోనక్కర్లేదు. ఆంధ్రలో, తెలంగాణలో బాత్రూముల్లో గ్యాస్ గీజర్లు ఉన్న ఇళ్లు చాలానే. కిటికీ మూసి స్నానం చేస్తూ స్పృహ తప్పి చనిపోయిన వార్తలు ప్రతి చలికాలం చూస్తూనే ఉన్నాం. అక్కడా అదే విషవాయువు. గీజర్ పొగ గొట్టం ఉంటే దాని నోరు, బాత్రూమ్ వెంటిలేటర్ నెలకోసారి చూడండి, మట్టి గూడు, పిచ్చుక గూడు లేకుండా. వంటింటి పొయ్యి మంట ఎర్రగా, పసుపుగా వస్తుంటే గిన్నెలకి మసి పడుతోందని ఊరుకోకండి. బర్నర్ కింది గొట్టంలో బూజో, బొద్దింకో ఉండొచ్చు.

మేము ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చాక ఒక కొత్త కార్బన్ మోనాక్సైడ్ అలారం కొన్నాం. బ్యాటరీతో నడిచేది, అరచేతిలో పడుతుంది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా అది బ్యాగులో ఉంటుంది, అద్దె ట్రైలర్ అయినా, అద్దె ఇల్లు అయినా. అమ్మీ తెనాలి తిరిగి వెళ్లేటప్పుడు ఇంకొకటి కొని ఇచ్చాను. వాళ్ల బాత్రూమ్‌లోనూ గ్యాస్ గీజరే ఉంది.